వేలెడు ఖాళీ

ఇవాళ మా అమ్మాయి రెండు కంచాలూ ఒకేసారి పెట్టింది.

ఎనిమిది రోజులుగా ఈ ఇంట్లో మగవాళ్ళిద్దరూ వేరువేరు వేళల్లో తింటున్నారు. ముందు అల్లుడు. అతను చెయ్యి కడుక్కుని ముందుగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాక, అప్పటిదాకా పెరటి మెట్టు మీద కూర్చున్న మా చిన్నబ్బాయి లేచొస్తాడు. చల్లారిన కూర మళ్ళీ వెచ్చబెట్టడం, తుడిచిన బల్ల మళ్ళీ తుడవడం. నోరు విప్పి తిట్టుకున్నా బాగుండును, మాకు గిన్నెలైనా తక్కువ పడేవి.

ఆదివారం కదా, ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. అమ్మాయి ఇద్దర్నీ పిలిచి, వచ్చేదాకా గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. దాని మొహం చూసి ఎవరూ ఎదురు చెప్పలేదు. అల్లుడు చేతిలో కాగితంతో వచ్చాడు. వీడు తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చాడు. ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తినడం ఎంత కష్టమో నేను మొదటిసారి చూశాను. ఒకాయన కిటికీ చూస్తాడు, ఇంకొకడు ఉప్పుగిన్నె చూస్తాడు.

చిన్నబ్బాయంటే చిన్నవాడనుకునేరు, నలభై రెండేళ్ళు. పెళ్ళి ఊసెత్తితే ముందు చేతిలో వాల్వు బిగించనియ్యమంటాడు. పని చేసే వర్క్‌షాపులో వాడికి పేరే లేదు, 'బిరడా' అంటారు. వాడు బిగించిన బిరడా ఇంకొకడి చేత ఊడదు. అల్లుడూ అక్కడే. వీడు ఫిట్టరు, ఆయన తనిఖీ ఆఫీసరు. వీడు బిగించిన ప్రతిదాన్నీ ఆయన చూసి సంతకం పెట్టాకే బయటికి పోతుంది. బావా బావమరుదులు ఒకేచోట ఉన్నారని మేం ఎంత మురిసిపోయామో. ఒకే స్కూటరు మీద వెళ్ళి ఒకే స్కూటరు మీద వచ్చేవాళ్ళు. ఈ ఎనిమిది రోజులూ ఒకడు బస్సు.

అల్లుడు కాగితం తీసి అమ్మాయి చేతికిచ్చాడు. తమ్ముడికిమ్మని. మధ్యలో ఉన్నది మూడు అడుగుల బల్ల.

అమ్మాయి ఇవ్వలేదు. బల్ల మధ్య పెట్టి ఊరుకుంది.

ఆ కాగితం సంగతి మాకందరికీ తెలుసు. రేపు పదిగంటలకి విచారణ. ఆయన ఇచ్చే నివేదిక కింద ఫిట్టరు కూడా 'చదివాను, ఒప్పుకున్నాను' అని సంతకం పెట్టాలి. పెడితే వీడి ఉద్యోగం పోవచ్చు, ఆయనది నిలుస్తుంది. పెట్టకపోతే ఇద్దరివీ పోవచ్చు. నాలుగు రోజులుగా అమ్మాయి పెరట్లో బట్టలారేస్తూ తమ్ముడికి ఇదే చెబుతోంది. తప్పు నీ చేత్తో జరిగింది, ఒప్పుకో, ఇల్లొకటైనా నిలబడుతుంది అని. వాడు బట్టలపిన్నులు ఒక్కొక్కటే అందిస్తూ ఊఁ అంటాడు. ఆ ఊఁ ఒప్పుకున్న ఊఁనో, విన్న ఊఁనో దానికీ తెలీదు.

అసలు జరిగిందేమిటంటే, వీళ్ళ వర్క్‌షాపు నుంచి సముద్రం అడుగున నూనె బావులకి ఐదు వాల్వులు వెళ్ళాయి. అందులో ఒకటి బిగుసుకుపోయింది. మూసుకోమంటే మూసుకోలేదు. ఆ బావికి వేరే పాత వాల్వు ఒకటుంది కాబట్టి దాంతో ఆపారు. బిగుసుకున్నదాన్ని పైకి తీసి విప్పితే, లోపలి గోడ లోపలికే ఉబ్బి కదిలే ముక్కని ఒరుసుకుని పట్టేసి ఉంది. ఉక్కు గోడండీ, నా మణికట్టంత మందం.

ఉబ్బిందెందుకూ అంటే, ఆ ముక్క చుట్టూ చిన్న గదిలాంటిది ఉంటుందట. మూడు గ్లాసుల నూనె పట్టేంత. నూనె పోసి బిరడా బిగిస్తే, ఇక లోపలిది బయటికి రావడానికి దారి లేదు. సముద్రం అడుగు మంచుచలి. కానీ భూమిలోంచి వాల్వుగుండా పారే నూనె, పొయ్యి మీది ఎసరంత వేడి. ఆ వేడి తగిలితే గదిలో చిక్కిన నూనె పెరుగుతుంది. పెరగడానికి చోటుండాలిగా. అందుకని వేలెడు ఖాళీ వదిలి బిగించమని వాళ్ళ కాగితాల్లో రాసుందట. ఖాళీలో గాలుంటే ఆ గాలి నలిగి చోటిస్తుంది.

మా వాడు ఖాళీ వదల్లేదు.

కుక్కరులాగానా అని నేనడిగాను, మొదటిరోజు. 'కుక్కర్లో ఉండేది ఆవిరమ్మా, నొక్కితే నలుగుతుంది. నూనె నలగదు, అది మొండిది. చోటివ్వకపోతే ఇనుమునే తోసేస్తుంది,' అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. నా కొత్త కాపురంలో నూనె కొట్టువాడితో రోజూ తగువే, సీసా మెడ దాకా పోసి పైన ఖాళీ ఉంచుతావేమయ్యా, మోసం కాదూ అని. ఒకనాడు దగ్గరుండి మూతదాకా పోయించాను. బిగించి తెచ్చి కిటికీలో పెట్టాను, ఎండలో. మధ్యాహ్నానికి సీసా నిలువునా చీలి గోడంతా నూనె. మా ఇంటాయన గోడ తుడుస్తూ, సీసా నాసిరకంది అన్నారు. నూనె పెరిగిందని ఆయనకీ తట్టలేదు.

ఆయనా ఫిట్టరే. అదే వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు. చిన్నవాడికి పని నేర్పింది ఆయనే, నేర్పినదల్లా ఒక్కటే ముక్క, బుడగ ఉండకూడదు. వాళ్ళు పరీక్షకి నీళ్ళు నింపి ప్రెషరు పెడతారు. లోపల గాలి బుడగ ఉండిపోయి ఇనుము పగిలిందో, ముక్కలు బాంబులా ఎగురుతాయట. ఆయన కళ్ళముందే ఒకతని దవడ పోయింది. అందుకని తట్టి తట్టి, వంచి వంచి, చివరి బుడగ పోయేదాకా నింపేవారు. 'నా చేతి పనిలో బుడగ ఉండదు' అని నలుగురిలో చెప్పుకునేవారు. నేనూ చెప్పుకునేదాన్ని. ఆయన రోజుల్లో చేసినవన్నీ చన్నీళ్ళ గొట్టాలకి. వేడి ఊసే లేదు.

కాబట్టి మా వాడికి బిరడా బిగించబోతూ లోపల వేలెడు వెలితి కనిపిస్తే అది ఎవరిదో బద్ధకం అనిపించింది. కాగితం చూడలేదా అంటే చూశాడు. చూసి, ఎంత లేదన్నా నిండుగా ఉంటేనే మంచిదిలే, తక్కువ చేసి పంపితే విప్పినవాడు నవ్వుతాడు అనుకున్నాడు. కాస్త నూనె పోసి, తట్టి, బుడగ తీసి, బిగించాడు. వర్క్‌షాపులో పైవాళ్ళు అడిగిన రోజే ఇదంతా చెప్పాడు, దాచలేదు. సిగ్గుపడి చేసిన పని చెప్పడానికి ఇంకా సిగ్గుగా ఉంటుంది, అయినా చెప్పాడు.

ఇక ఆ కాగితం.

చిన్నవాడు ఎడంచేత్తో తన వైపు లాక్కున్నాడు. కూడబలుక్కుంటూ చదవడం మొదలెట్టాడు. అల్లుడు మంచినీళ్ళు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా నోటి దగ్గరే ఉంచుకున్నాడు.

'బిరడా బిగించక ముందు కొలత పుల్లతో ఖాళీ కొలిచాను. సరిగా ఉంది. నేను వెళ్ళిన తరవాత ఫిట్టరు ఎవరికీ చెప్పకుండా మళ్ళీ నింపినట్టు తెలుస్తోంది.'

అక్కడిదాకా పైకి చదివాడు. మిగతాది లోపల చదువుకున్నాడు. రెండోసారి చదివాడు. అమ్మాయి కలం తెచ్చి కంచం పక్కన పెట్టింది. దాని మొహం కడిగిన పలకలా ఉంది.

వాడు కలం తీసుకుని సంతకం చోటు వెతికి, వేలు పెట్టి, ఆగాడు.

"బావా," అన్నాడు. ఎనిమిది రోజుల తరవాత మొదటి మాట. "ఇందులో ఒక్కదాని సంగతే ఉందేం?"

"బిగుసుకున్నది ఒక్కటే కదా," అన్నాడు అల్లుడు, కిటికీతో.

"మిగతా నాలుగూ నేనే నింపాను."

అల్లుడు గ్లాసు కింద పెట్టాడు. ఆ నాలుగూ చల్లటి బావులవని, వాటిల్లోంచి పారేది అంత వేడిగా ఉండదని, అవి ఇంకా తెరవను కూడా తెరవలేదని చెప్పుకుపోయాడు. మంచి మాటకారి, మా అల్లుడు. పెళ్ళిచూపుల్లోనే మా ఆయన్ని పడేశాడు. కానీ ఇవాళ చెబుతుంటే ఒక్కొక్క మాటా ఈ ఎనిమిది రోజులూ తనకి తాను చెప్పుకున్నదే అని తెలిసిపోతోంది. వాడుకుని వాడుకుని అంచులు అరిగిపోయిన మాటలు.

అంటే ఆ నాలుగింటి సంగతి ఆయనకి ముందే తట్టింది.

అమ్మాయికీ అదే తోచినట్టుంది. మొగుడి వైపు తిరిగింది.

"కొలిచారా మీరు?"

కొలవడం అంటే అంత సుళువు కాదని, ఆ రోజు వేరే చోట లోడు ఎక్కుతోందని, తను వెళ్ళేసరికి బిరడా బిగించేసి ఉందని చెప్పాడు. విప్పితే సీలు కొత్తది వెయ్యాలి, పరీక్ష మళ్ళీ చెయ్యాలి, పూట పని. లారీవాడు బయట హారను కొడుతున్నాడు.

"అది కాదు నేనడిగింది. కొలిచారా?"

ఆయన కంచంలోకి చూశాడు. "వీడి పని కదా అని సంతకం పెట్టేశాను. వీడు బిగించినదాన్ని నేను విప్పి చూడ్డం ఏమిటని. బయటివాడైతే చూసుండేవాణ్ణి."

"ఐదింటికీనా?"

ఊఁ అన్నాడు. ఇది ఏ ఊఁనో అందరికీ తెలిసింది.

నాకు కోపం రాలేదు, అదేం చిత్రమో. అలసట వచ్చింది. ఇంట్లోవాడని వీడు బిగించింది ఆయన విప్పలేదు. నాన్న నేర్పిందని వీడు కాగితం మాట వినలేదు. మా ఆయన్ని మెచ్చుకున్నదాన్ని నేను. ఎవర్ని తిడదామన్నా ఆ తిట్టు తిరిగొచ్చి నా ఒళ్ళోనే పడుతోంది.

అమ్మాయి మాత్రం ఇంకా నిలబడే ఉంది. నాలుగు రోజులుగా తమ్ముడి చేత సంతకం పెట్టించాలని తిరిగినది కదా. కలం మెల్లిగా వాడి వేళ్ళలోంచి తీసి కొంగున దోపుకుంది. మొగుణ్ణి ఏమీ అనలేదు. అది తిట్టనప్పుడు ఆ మనిషికి ఎంత భయమో ఆ మొహమే చెప్పింది.

చిన్నవాడు అడిగాడు, ఆ నాలుగూ ఎప్పుడు తెరుస్తారని. అల్లుడు తెలీదన్నాడు. రేపు విచారణలో తనే చెబుతానని, ఆదివారంపూట ఆఫీసులో ఎవరుంటారని అన్నాడు. 'రేపు పది అయ్యేలోపు తెరిస్తే?' అన్నాడు వీడు. ఆ నాలుగు బావులకీ పక్కన పాత వాల్వులు లేవు. ఇదొక్కటే మూత, ఇది పట్టేస్తే బావి పొంగినా ఆపడానికి ఇంకేమీ లేదు. పైన సముద్రంలో కట్టిన ప్లాట్‌ఫారం మీద మనుషులు తింటూంటారు, పడుకుంటూంటారు.

"నంబరివ్వు బావా. సముద్రం మీది వాళ్ళది."

"నువ్వు చేస్తే వినరురా."

"ఇవ్వు."

ఇచ్చాడు. ఫోనే తీసి ఇచ్చాడు. వీడు ఎంగిలిచేత్తోనే నొక్కి, మాటలు అందరికీ వినబడేలా బల్లమీద పెట్టాడు. అటువైపు ఎవరో డ్యూటీలో ఉన్నతను, మంచిగానే మాట్లాడాడు. గొంతు వింటే మాకంటే అలిసిపోయున్నట్టున్నాడు. వీడు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఐదూ నేనే నింపాను, ఐదింటిలోనూ ఖాళీ లేదు, తెరవకండి అని. అతను అంతా విని, ఎవరు మాట్లాడుతున్నారని అడిగాడు.

ఫిట్టర్ని, అన్నాడు వీడు.

అతను ఫిట్టరు మాట మీద బావి ఆపే అధికారం తనకి లేదన్నాడు. ఆ నాలుగింటికీ ఖాళీ సరిగ్గా ఉందని తనిఖీ చేసినవారు సంతకం పెట్టిన కాగితాలు తన ముందే ఉన్నాయట. ఆయన మాట కావాలి, లేదా రేపు రాతపూర్వకంగా పంపండి అన్నాడు. తప్పుగా అనుకోవద్దని కూడా అన్నాడు, పాపం.

చిన్నవాడు ఫోను ఎత్తాడు. కంచాల మీదుగా చెయ్యి చాపాడు.

అల్లుడు ఆ చేతిని చూశాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఆయనది. మొన్ననే పై హోదాకి పేరు పంపారు. ఇప్పుడు తీసుకుంటే ఆ ఐదు సంతకాలూ అబద్ధమని తన నోటితోనే చెప్పాలి. నేను అల్లుడుగారూ అందామనుకున్నాను. అని మాత్రం ఏం చెబుతాను? ఆ వాల్వుల గురించి నాకు తెలిసింది ఒక సీసాడు నూనెంత.

అటునుంచి హలో అన్నారు. ఇంకోసారి అన్నారు.

ఆయన ఎడంచేత్తో అందుకున్నాడు.

"తనిఖీ ఆఫీసర్ని," అన్నాడు. గొంతు సరిచేసుకుని మళ్ళీ చెప్పాడు. "మీ ముందున్న కాగితాల్లో సంతకం నాదే. నేను కొలవలేదు. ఒక్కదాన్నీ కొలవలేదు. ఫిట్టరు చెప్పింది నిజం."

అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ వారంలో అది బల్ల దగ్గర కూర్చోవడం నేను చూడలేదు. దాని ముందు కంచం కూడా లేదు.

అటువైపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినబడింది. తరవాత అతను గొంతు తగ్గించి, మూడోది పొద్దున్నే తెరిచామండీ, అన్నాడు.

ఎన్నింటికని అల్లుడడిగాడు. ఏడున్నరకట. అందరం గోడగడియారం చూశాం. ఒంటిగంటా ఇరవై. చల్లటి బావే కదా అని అల్లుడు అడిగితే, మొదట్లో చల్లగానే వచ్చిందని, పదింటినుంచి వేడెక్కుతూ వస్తోందని అన్నాడు. ఎంత వేడి అంటే ఏదో అంకె చెప్పాడు. ఆ అంకె విని మా వాడు కళ్ళు మూసుకున్నాడు.

లైన్లో ఉండమని అతను ఫోను ఎక్కడో పెట్టి వెళ్ళాడు. బూట్ల చప్పుడు, ఎవరో ఎవర్నో పిలవడం, ఇనుపతలుపు పడ్డ చప్పుడు. మేం నలుగురం ఆ ఫోను చుట్టూ కూర్చున్నాం. కంచాల్లో మెతుకులు ఎండిపోతున్నాయి. చిన్నవాడు ఉన్నట్టుండి, మొదటిది బిగుసుకోవడానికి ఎంతసేపు పట్టిందో ఎవరికైనా తెలుసా బావా అన్నాడు. తెలీదు. తెరిచిన మర్నాడు మూసి చూశారు, అప్పటికే పట్టేసి ఉంది. ఎన్ని గంటలకి పట్టేసిందో ఎవరూ చూడలేదు.

వాడు లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి బావ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఫోను ఇద్దరికీ మధ్యకి జరిపాడు.

అతను తిరిగొచ్చాడు. ఊపిరి బరువుగా ఉంది.

"మూసుకోమని ఆదేశం ఇచ్చాం," అన్నాడు.

"మూసుకుందా?"

"కదిలింది. సగం దాకా వచ్చి ఆగిపోయింది."

'వెనక్కి తెరవొద్దని చెప్పు బావా,' అన్నాడు చిన్నవాడు గుసగుసగా. 'అలాగే ఉంచి చల్లారనివ్వమను. చల్లారితే వదులుతుంది.'

"చల్లారాలంటే పారేది ఆగాలిరా," అన్నాడు అల్లుడు. "ఆగాలంటే అది మూసుకోవాలి."

ఆ మాట అతను విన్నాడు. మా వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఎనిమిది రోజుల తరవాత.

"మీ ఇద్దర్లో ఎవరో ఒకరు చెప్పండి, ఏం చెయ్యమంటారు," అన్నాడతను. "ఇక్కడ డెబ్భై మందిమి ఉన్నాం."